ఖాళీ సార్

మా ఆయన గురించి చెప్పమంటే ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియదు. మనిషి కనబడితే కదా చెప్పడానికి. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. కొంటే బూడిదరంగు చొక్కాలే కొంటాడు. మాట్లాడేటప్పుడు మన మొహం చూడడు, మన భుజం పక్కనుంచి గోడని చూస్తాడు. కొత్తలో నా వెనకాల ఎవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూసేదాన్ని.

నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, "పై వరస కనబడుతోందా? దాని కింద వరస?" అని అడగడమే రోజంతా నా పని. ఊళ్ళో వాళ్ళందరి చూపూ సరిచేసి పంపిస్తాను గాని, ఇంట్లో మొగుడు మాత్రం నాకు కనబడడు. నేను లేచేసరికి వెళ్ళిపోయి ఉంటాడు, నేను పడుకోబోతుంటే చెప్పులు విప్పుతూ ఉంటాడు. ఆదివారం కూడా అంతే. "ఇవాళ ఆదివారమండీ" అంటే, "అవును, ఆదివారమైతే ప్రశాంతంగా ఉంటుంది" అంటూ బయల్దేరతాడు.

వెళ్ళేది యూనివర్సిటీకే. అక్కడ కంప్యూటర్ల డిపార్ట్‌మెంట్‌లో పాఠాలు చెబుతాడు. ఒక కంప్యూటర్ పంపించిన మాట ఇంకో కంప్యూటర్‌కి చెక్కుచెదరకుండా ఎలా చేరుతుందో పిల్లలకి వివరిస్తాడు. బాగా చెబుతాడని పేరే. ఇంట్లో మాత్రం ఉప్పు అందుకోండి అని నేను మూడుసార్లు పంపిస్తే గాని మాట చేరదు. చేరాక అందుకునేది చక్కెర డబ్బా.

ఇంత చేసీ ఆ ఉద్యోగం తాత్కాలికం. ఏడాదికోసారి సంతకం పెట్టించుకుని ఇంకో ఏడాది ఉండమంటారు. మా పాప పుట్టి, నడిచి, బళ్ళో చేరి, పాలపళ్ళు ఊడగొట్టుకున్నా ఆయనది తాత్కాలికమే. ఇక ఈ ఏడాదితో ఆ ముచ్చటా తీరిపోతుంది. వయసు దాటిపోతోంది, ఈసారి కమిటీ పర్మనెంట్ చేస్తే చేసినట్టు, లేకపోతే ఇంటికే. నా ఒక్కదాని జీతంతో ఇల్లు గడవదు, నాకదీ భయం. ఇంట్లో కూర్చోవడమెలాగో ఆయనకి తెలియదు, ఆయనకదీ భయం.

పర్మనెంట్ చేయించడానికి ఆయన నమ్ముకున్నది పాఠాల్ని కాదు, తన పరిశోధనని. దాని అసలు పేరు చెప్పాలంటే మధ్యలో ఊపిరి తీసుకోవాలి. డిపార్ట్‌మెంట్‌లో అందరూ 'కన్ను' అంటారు, నేనూ అదే అంటాను. గది పైకప్పుకి చిన్న కెమెరా ఉంటుంది. గదిలో ఎవరెవరు ఉన్నారో, ఎంతమంది ఉన్నారో అది చూసి లెక్క ఆఫీసుకి పంపుతుంది. ఎవరూ లేరనుకోండి, లైట్లు ఆర్పేసి, ఫ్యాన్లు ఆపేసి, తలుపు తాళం వేసేసి, బయట తలుపు పక్కనున్న తెర మీద 'ఖాళీ' అని రాస్తుంది. ఒక గదికి నేర్పిన చదువుని ఆ బిల్డింగ్‌లో అన్ని గదులకీ పంచారు. కరెంటు బిల్లు సగానికి పడిపోయిందని డిపార్ట్‌మెంట్ హెడ్డు గారికి శాలువా కప్పారు. ఆ సభలో మా ఆయన ఎక్కడ కూర్చున్నాడో ఫొటోలో నేను ఎంత వెతికినా దొరకలేదు.

ఆ 'కన్ను' తప్పు చేయదని ఆయన రాసిన వ్యాసం దేశదేశాల వాళ్ళు చదివారట. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. ఈ కాకి ఆ పిల్లని చూసుకున్నట్టు నా కడుపున పుట్టినదాన్ని చూసుకోలేదు, అది వేరే సంగతి.

ఒకరోజు నాకు షాపు సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అంట్లు తోముతున్నాను. ముందు గదిలోంచి మా అత్తగారి గొంతు వినబడింది. "ఎవరు కావాలి బాబూ?" అంటున్నారు.

చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూస్తే గుమ్మంలో మా ఆయన. కన్నతల్లి ఎవరు కావాలని అడుగుతోంది. పాపం ఆవిడ తప్పు కాదు. నేనిచ్చిన కళ్ళజోడు పెట్టుకోలేదు, పైగా పట్టపగలు ఆ మనిషి ఆ గుమ్మంలో నిలబడి ఉండగా ఆవిడ ఎప్పుడు చూశారు గనక.

"ఉద్యోగం పోయేట్టుంది" అన్నాడు గోడతో.

"ఏం చేశారు?"

"ఏం చేయలేదు. అసలు వెళ్ళనే లేదట."

"ఎక్కడికి?"

"యూనివర్సిటీకి."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆయన నిలబడే చెప్పాడు. పర్మనెంట్ చేయాలంటే ఇకమీదట 'కన్ను' పంపిన హాజరు చూడాలని యూనివర్సిటీ వాళ్ళు కొత్తగా రూలు పెట్టారట. ఆ రూలు పెట్టమని సలహా రాసిచ్చింది మా ఆయనే. తీరా చూస్తే అందరి హాజరూ ఉంది, ఆయనది సున్నా. 'కన్ను' కళ్ళు తెరిచిన నాటి నుంచి ఆయన ఆ బిల్డింగ్‌లో ఒక్క గదిలో కూడా అడుగుపెట్టలేదట. మరి ఇన్నాళ్ళూ జీతం ఎలా ఇచ్చారని అడిగాను. తాత్కాలికం వాళ్ళకి పిల్లల సంతకాలు చూసి క్లాసుల లెక్కన ఇస్తారట, హాజరుతో పనిలేదట.

"దీనికింత బెంగ దేనికండీ? అది తప్పు చూపిస్తోందని చెప్పండి."

"అది తప్పు చేయదు" అన్నాడు. అప్పటిదాకా పీలగా ఉన్న గొంతు ఆ మాట దగ్గర గట్టిపడింది.

"మీరు వెళ్ళారా, లేదా?"

"వెళ్ళాను."

"మరి?"

"అదే అర్థం కావడం లేదు."

తర్వాత తనే విడమరిచి చెప్పాడు. 'కన్ను' తప్పంటే పరిశోధన తప్పు, తప్పుడు పరిశోధన చేసినవాణ్ణి పర్మనెంట్ చేయరు. 'కన్ను' ఒప్పంటే ఆయన ఉద్యోగానికే రాలేదు, రానివాణ్ణి అసలే చేయరు. అడకత్తెరలో పోకచెక్క అంటే వినడమే గాని, ఆ అడకత్తెరని తానే కనిపెట్టి, నూనె రాసి, మధ్యలో తానే వెళ్ళి పడుకున్న పోకచెక్కని అప్పుడే చూశాను.

మర్నాడు ఆయనే షాపుకి ఫోన్ చేశాడు. "ఒకసారి రా. ఒకటి చూడాలి" అన్నాడు. పెళ్ళయ్యాక నన్ను రమ్మని పిలవడం అదే మొదలు. షాపులో అడిగి వెళ్ళాను.

ఆయన గది మూడో అంతస్తులో వరండా చివర. ఒక కిటికీ, ఒక బూడిదరంగు ఇనప బీరువా, మూలన ఒక టేబుల్, టేబుల్ కింద వైర్ల చిక్కు. నాలుగైదు పాత కంప్యూటర్లు గోడకి చేరేసి ఉన్నాయి. తలుపు తడితే లోపల్నుంచి తాళం తీశాడు. కిటికీకి కర్టెన్ వేసి ఉంది, గదంతా చీకటి. ఆయన మళ్ళీ వెళ్ళి కంప్యూటర్ తెర వెలుగులో కూర్చున్నాడు. నేను అడుగుపెట్టగానే లైట్లు వెలిగి, ఫ్యాను తిరిగింది.

"రోజూ ఇలా చీకట్లోనే కూర్చుంటారా?"

"సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక ఆరిపోతాయి. నేను కదలకుండా పని చేసుకుంటాను కదా, అందుకనుకున్నాను."

"లేచి చెయ్యి ఊపి చూడకపోయారా?"

"ఊపితే పని చెడుతుందిగా" అన్నాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా అమ్మ ఎవరిని చూసి అనేదో గాని, ఆ మాట ఈ అల్లుడి కోసమే పుట్టింది.

తెర మీద ఫొటోలు చూపించాడు. యంత్రానికి నేర్పడమంటే ఫొటోలు చూపించడమేనట. ఇది నిండు గది, ఇది ఖాళీ గది అని వేలకొద్దీ చూపిస్తే అదే పట్టేస్తుందట. ఇవి ఖాళీ గది ఫొటోలు. పొద్దుటి ఎండలో ఖాళీ గది, మబ్బు పట్టినప్పుడు ఖాళీ గది, కర్టెన్ వేసిన ఖాళీ గది, తీసిన ఖాళీ గది. ఒక వేసవంతా కూర్చుని తీశాడు. ఆ వేసవి నాకూ గుర్తుంది, పాప అప్పుడే పాకడం మొదలుపెట్టింది.

"ఈ ఫొటోల్లో ఏదో తేడా ఉంది, నాకు చిక్కడం లేదు. నీకు కళ్ళతో పని కదా, చూడు."

నేను మొదటి ఫొటో చూశాను. రెండోది చూశాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"బీరువా పక్కన కూర్చున్నది మీరే కదా?"

"ఎక్కడ?"

వేలు పెట్టి చూపించాను. బూడిదరంగు బీరువా, దాని పక్కన బూడిదరంగు చొక్కా, చొక్కా పైన ఒక తల. అన్ని ఫొటోల్లోనూ అక్కడే.

"ఖాళీ గదిలో మీరేం చేస్తున్నారు?"

"ఫొటో తీస్తున్నాను. కెమెరా బొత్తం వైరు పొట్టిది, బయటిదాకా రాలేదు." తన మొహాన్ని తనే మొదటిసారి చూస్తున్నట్టు తెరకి దగ్గరగా వంగాడు. "నేను తీసేవాణ్ణి కదా. నేను లెక్కలోకి రాననుకున్నాను."

అంటే ఈ మనిషి ఉన్న గదినే చూపించి, ఇదిగో దీన్నే ఖాళీ అంటారు అని ఆ యంత్రానికి నూరిపోశాడు. అది బుద్ధిగా నేర్చుకుంది. నలభైమంది పిల్లల మధ్య నిలబడి పాఠం చెబుతున్నా అది నలభైమందినీ లెక్కపెట్టి, మా ఆయన్ని మాత్రం బీరువాలో కలిపేస్తోంది.

ఇంతలో హెడ్డు గారు వచ్చారు. గుండ్రటి మనిషి, చంకలో ఎప్పుడూ ఒక ఫైలు ఉంటుంది. విషయం విని ముందు తలుపు మూశారు.

"ఈ సంగతి ఈ గది దాటకూడదు" అన్నారు. "మన కన్నుని లైబ్రరీ వాళ్ళు పెట్టుకున్నారు, ఇంకో రెండు కాలేజీల వాళ్ళు పెట్టుకున్నారు. తప్పని తెలిస్తే అందరి హాజర్లూ తప్పంటారు, అందరి డిగ్రీలూ తప్పంటారు. నా శాలువా సంగతి సరే."

"మరి ఈయన ఉద్యోగం?" అన్నాను.

"దానికి నేనొక ఉపాయం ఆలోచించానమ్మా. ఆయన రాలేదనే ఒప్పుకుందాం. ఇన్నేళ్ళకీ కలిపి ఇప్పుడు సెలవు చీటీ రాద్దాం. కారణం, ఇంటి పనుల ఒత్తిడి."

"ఇంటి పనులా?" నాకు ఒళ్ళు మండింది. "హెడ్డు గారూ, ఉద్యోగం పోతే పోయింది. ఈయన ఇంటి పని చేశాడని ఎక్కడైనా రాశారో, నేను కమిటీ ముందుకి వచ్చి మరీ చించేస్తాను."

ఆయన ఫైలు ఇంకో చంకలోకి మార్చుకుని వెళ్ళిపోయారు. తలుపు మూసి మాట్లాడిన సంగతి మర్నాటికల్లా పిల్లలకి తెలిసిపోయింది. వాళ్ళు మా ఆయనకి 'ఖాళీ సార్' అని పేరు పెట్టారు. క్లాసు మొదలుకాకముందే అందరూ బయటికొచ్చి, ఆయన్ని ఒక్కణ్ణే లోపలికి పంపి, లైట్లు ఆరిపోయి తాళం పడగానే చప్పట్లు కొట్టేవారట. మా ఆయన కూడా లోపలున్న బొత్తం నొక్కి తలుపు తీసుకుని, "చూశారా, ఎంత కచ్చితంగా పనిచేస్తోందో" అనేవాడట. ఆ మాట నాతో చెబుతున్నప్పుడు కూడా ఆ మొహంలో వెలుగు తగ్గలేదు.

కమిటీ కూర్చునే రోజు నన్ను కూడా రమ్మన్నారు. హాజరు మీద అనుమానం వస్తే, మనిషి అక్కడ లేకపోతే మరెక్కడున్నాడో ఇంట్లోవాళ్ళని అడగాలని ఏదో పాత రూలు ఉందట. పాపని బళ్ళో దింపి బయల్దేరుతుంటే, "నా కొడుకు గురించి నన్ను కదా అడగాలి" అని అత్తగారు కూడా తయారయ్యారు. ఆ రోజు కళ్ళజోడు పెట్టుకున్నారు.

కమిటీ చైర్మన్ వంతెనలు కట్టడం నేర్పే పెద్దాయన. ఆయన పక్కన చరిత్ర చెప్పే ఒక మేడమ్. చివర హెడ్డు గారు, ఒళ్ళో ఫైలు. అందరూ ముందు మూడో అంతస్తుకి వెళ్ళి పరీక్ష చేశారు. మా ఆయన్ని గదిలోకి పంపి, మేమంతా వరండాలో నిలబడ్డాం. కాసేపటికి లైట్లు ఆరాయి. తాళం పడింది. తెర మీద 'ఖాళీ' అని వచ్చింది.

చైర్మన్ గారు తలుపు తట్టారు. "లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నానండీ" అన్నాడు మా ఆయన చీకట్లోంచి.

"కన్ను ఏమంటోంది?"

"ఖాళీ అంటోందండీ."

"అయితే కన్ను తప్పా?"

నేను తలుపుకి చెవి ఆనించాను. తప్పని ఒక్క ముక్క అనవయ్యా మహానుభావా, పెళ్ళాం పిల్లల మొహం చూసైనా అను అని మనసులోనే మొత్తుకున్నాను.

"అది తప్పు చేయదండీ" అని వినబడింది.

చైర్మన్ గారు తల పంకించి, "మంచి యంత్రం" అన్నారు. మా ఆయన తలుపు తీసుకుని వచ్చాక అందరం కిందికి దిగి మళ్ళీ కూర్చున్నాం.

చరిత్ర మేడమ్ కాగితాలు తిరగేశారు. "ఈయన హాజరు సున్నా. ఈయన క్లాసు పిల్లలు మాత్రం డిపార్ట్‌మెంట్‌లో అందరికంటే బాగా పాసయ్యారు."

"అయితే మేష్టారు రాకపోతేనే పిల్లలకి చదువు వస్తోందన్నమాట" అన్నారు చైర్మన్ గారు. "మిగతావాళ్ళని కూడా కొన్నాళ్ళు రావద్దని చెప్పి చూస్తే?"

హెడ్డు గారు ఆ మాట రాసుకున్నారు. నిజంగానే రాసుకున్నారు, నేను చూశాను.

అప్పుడు మా అత్తగారిని పిలిచారు. మీవాడు ఇంట్లో ఉండేవాడా అని అడిగారు. ఆవిడ కొంగు సర్దుకుని, బిడ్డకి బహుమతి వచ్చినట్టు చెప్పారు. "మావాడు ఇంట్లో ఉండే రకం కాదండీ. ఎవరినైనా అడగండి. నేను ఆసుపత్రిలో పడుకున్నా రాలేదు. అంత బుద్ధిమంతుడు."

తర్వాత నా వంతు. చైర్మన్ గారు మంచినీళ్ళ గ్లాసు నా ముందుకి జరిపి, "చెప్పమ్మా. ఈయన ఇక్కడికి రాలేదని కన్ను అంటోంది. మరి ఇంట్లో ఉన్నారా?" అని అడిగారు.

ఇన్నేళ్ళుగా నేను కనబడినవాళ్ళందరితో చెప్పుకున్న మాటే అది. మా అక్కతో ఫోన్లో చెప్పుకున్నాను, షాపులో అద్దాలు తుడుస్తూ చెప్పుకున్నాను. ఆ మనిషి ఇంట్లో ఉంటే కదా అని. ఇప్పుడు కుర్చీ వేసి, నీళ్ళిచ్చి మరీ అదే మాట చెప్పమంటున్నారు. చెబితే ఇక్కడే ఉన్నట్టు లెక్క, ఉద్యోగం నిలబడుతుంది. మా ఆయన గోడని చూడడం లేదు, నన్నే చూస్తున్నాడు. లేడని చెప్పు, ఎప్పుడూ లేడని చెప్పు అని కళ్ళతో బతిమాలుతున్నాడు. నాకు చచ్చేంత దుఃఖం వచ్చింది. అబద్ధమాడి, ఉన్నారండీ, రోజూ ఉన్నారు, పాపకి అన్నం కలిపి పెట్టారు అని చెప్పాలనిపించింది.

"లేరండీ" అన్నాను. "ఎప్పుడూ లేరు."

ఆ మాట వినగానే మా ఆయనకి ప్రాణం లేచొచ్చింది. లేచి నిలబడ్డాడు. "అవునండీ, నిజం. పాప మొదటి అడుగు వేసినరోజు నేను ఇక్కడే ఉన్నాను, ప్రింటర్ చెడిపోతే బాగుచేశాను. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు పరీక్షపేపర్లు దిద్దుతున్నాను. పాప బళ్ళో నాటకం వేసింది, అప్పుడు కూడా ఇక్కడే." వేళ్ళు మడుస్తూ చెబుతున్నాడు. "మా ఆవిడ కాలు బెణికి మెట్ల మీద కూర్చుండిపోయిన రోజు..." అని ఆగాడు. మడిచిన వేలు అలాగే ఉంది. గొంతు తగ్గిపోయింది. "పాప పాలపళ్ళు ఊడుతున్నప్పుడు కూడా." నా వైపు తిరిగి, కమిటీకి కాకుండా నాకే వినబడేట్టు, "ఇంకా ఎన్ని ఊడాలి?" అని అడిగాడు.

"ముందు పళ్ళు ఊడి, కొత్తవి కూడా వచ్చేశాయి" అన్నాను.

ఆయన కూర్చున్నాడు. చైర్మన్ గారు గ్లాసులో నీళ్ళు తనే తాగేశారు.

చివరికి చరిత్ర మేడమ్ కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. "ఇందులో కన్ను తప్పేం లేదండీ. ఈయనతో సహా గదిని చూపించి ఖాళీ అని నేర్పారు. అది నేర్చుకుంది. ఇక ముందు ఎవరూ నేర్పకపోతే ఎప్పటికీ అదే నమ్ముతుంది. ఈయన వచ్చారన్నదీ నిజమే, యంత్రం మంచిదన్నదీ నిజమే. నేర్పింది మాత్రమే తప్పు."

ఎవరి తప్పూ కాని తప్పు దొరికినందుకు చైర్మన్ గారికి ఎంత సంతోషమైందో చెప్పలేను. 'ఇంట్లో లేరు గనక ఇక్కడే ఉన్నట్టు భావించి' అని రాయించి, పర్మనెంట్ చేసేశారు. ఒక షరతు పెట్టారు. ఖాళీ గది అంటే ఏమిటో 'కన్ను'కి మళ్ళీ మొదట్నుంచీ నేర్పాలి. ఆ ఫొటోలు పిల్లలు తీస్తారు. మా ఆయన నెల్లాళ్ళపాటు ఆ బిల్డింగ్ ఛాయలకి కూడా రాకూడదు.

అలా మా ఆయన ఇంటికొచ్చాడు.

ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు ఆయనకి. ముందు గదిలో ఒక కుర్చీ ఉంది గాని, దాని మీద మేం ఉతికిన బట్టలు వేస్తాం. ఆయన బట్టలు మడతపెట్టి పక్కన పెట్టి కూర్చుంటే, అత్తగారు వచ్చి అలవాటు కొద్దీ ఇంకో మోపు తెచ్చి ఒళ్ళో పడేశారు. నేను బియ్యం ముగ్గురికే కడిగేదాన్ని, వడ్డించేటప్పుడు నాలిక కరుచుకునేదాన్ని. ఆయన ఏమీ అనేవాడు కాదు. నేనూ అత్తగారూ వంటింట్లో ఒకళ్ళకొకళ్ళం తగలకుండా ఎలా తిరుగుతామో, పాప ఏ గ్లాసులో పాలు తాగుతుందో, గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండేవాడు. ఒకరోజు పాప స్నేహితురాలితో ఫోన్లో అంటుంటే విన్నాను. "రావే ఆడుకుందాం. ఇంట్లో ఎవరూ లేరు, నాన్న ఉన్నాడంతే." ఆయన పక్కనే ఉన్నాడు. వినే ఉంటాడు.

మా ఇంట్లో బయటికి వెళ్ళాలంటే ఒక పద్ధతి ఉంది. అత్తగారు గుమ్మంలో నిలబడి అన్నీ పైకి అంటారు. గ్యాసు కట్టేశామా, కుళాయి కట్టేశామా, కరెంటు మెయిన్ ఆపామా, అందరం వచ్చామా. అన్నిటికీ మేం ఊఁ అంటాం. అప్పుడు తాళం వేస్తారు. ఆవిడ లెక్క తప్పడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ నెల చివర్లో ఒక సాయంత్రం పాపకి బూట్లు కొనాలని బయల్దేరాం. అత్తగారు అన్నీ అన్నారు, మేం ఊఁ అన్నాం, తాళం పడింది. వీధి చివర ఆటో ఎక్కాం. షాపులో పాప నాలుగు జతలు వేసుకుని, అటూ ఇటూ నడిచి చూసి, ఎర్రవి కావాలంది. అవి కట్టిస్తుంటే, "నాన్నవి తెగిపోయాయమ్మా, కొత్తవి కొందాం. నాన్న సైజెంత?" అంది.

సైజు నాకు తెలియదు. ఆయన్నే అడుగుదామని వెనక్కి తిరిగాను. అత్తగారు కూడా తిరిగారు. ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం.

బూట్ల పెట్టె అక్కడే వదిలేసి వచ్చేశాం. అత్తగారికి తాళంచెవి కన్నంలో దూరలేదు, నేను తీసుకుని తీశాను. లోపల చీకటి. ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో బట్టలు, చక్కగా మడతపెట్టి ఉన్నాయి.

"ఫోన్ చేయొచ్చు కదండీ" అన్నాను. నా గొంతు నాకే కీచుగా వినబడింది.

"పాప బూట్ల పని చెడుతుందని."

"ఇంత చీకట్లోనా?"

"నాకు అలవాటేగా" అన్నాడు.

అత్తగారు గుమ్మం దగ్గరే కూలబడిపోయారు. "నేను లెక్కపెట్టానురా" అన్నారు ఏడుస్తూ. "అందరూ వచ్చారా అని అడిగాను. లెక్క సరిగ్గానే వచ్చిందిరా నాయనా."

"సరిగ్గానే వచ్చి ఉంటుందమ్మా" అన్నాడు. బట్టలు పక్కన పెట్టి వెళ్ళి, ఆవిడ పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఎప్పుడూ అంత దగ్గరగా కూర్చోవడం నేను చూడలేదు. కాసేపటికి తలెత్తి నా వైపు చూశాడు. గోడ వైపు కాదు, నా వైపే. "అక్కడ ఆ గదికి నెల్లాళ్ళు చాలు. ఇక్కడ ఎన్నాళ్ళు పడుతుంది?"

ఏడుపొస్తోంది, అది ఆయన చూడడం నాకిష్టం లేదు.

"ముందు లేచి మెయిన్ వేయండి" అన్నాను.

లేచాడు. రెండడుగులు వంటింటి వైపు వేశాడు. ఆగి, మళ్ళీ ముందు గది గోడల వైపు చూశాడు. కట్టుకున్న ఇంట్లో మెయిన్ ఎక్కడుందో ఆయనకి తెలియదు.

పాప వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "మెట్ల కింద ఉంటుంది నాన్నా. రా, చూపిస్తాను" అంది.